యాదృచ్ఛిక సమాగమం

ఇటీవల కళాశాలల వార్షికోత్సవాలలో నాటక ప్రదర్శనల సరసన, కొన్ని చోట్ల వాటికి బదులుగా, విద్యార్థులు తీసిన చిన్న చలనచిత్రాలు చోటు చేసుకొంటున్నవి. పది నిమిషాలో పదిహేను నిమిషాలో నడిచే ఈ చిత్రాలకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు; చేతిలోని ఫోను చాలును. వాటిలో తరచుగా కనిపించే కథ ఒకటున్నది. అపరిచితులైన యువతీయువకులు బస్టాండులోనో, రైల్వే ప్లాట్‌ఫారం మీదనో, పుస్తకాల దుకాణంలోనో అనుకోకుండా ఎదురవుతారు. చేతిలోని పుస్తకాలు జారిపడతాయి. లేదా వాన వస్తుంది. ఇద్దరికీ కలిసి ఒక్కటే గొడుగు వుంటుంది. చూపులు కలుస్తాయి. ఆపైన ఒక పాట. అంతటితో సరి.

ఈ కథను చూచి ఉపాధ్యాయులు పెదవి విరుస్తున్నారు. కొందరు నీతి దృష్టితో. మరికొందరు, నిత్యమూ ఇదేనా అన్న విసుగుతో. మొదటివారి అభ్యంతరం గట్టిది, దానిని తరువాత చూడవచ్చును. రెండవవారికి చెప్పవలసినది, పాతది కావటం కథకు దోషం కాదని. దుష్యంతుడు లేడిని తరుముకొంటూ కణ్వాశ్రమానికి రావటం యాదృచ్ఛికమే. ప్రవరుని పాదలేపం హిమాలయపు మంచులో కరిగిపోవటమూ అటువంటిదే. కాకి వాలటమూ తాటిపండు రాలటమూ ఒకే క్షణంలో జరిగితే దానిని మన పూర్వులు కాకతాళీయ న్యాయమన్నారు. కాకి వాలినందువల్లనే పండు రాలిందని వారు భ్రమపడలేదు. కథలో కాకి వాలవచ్చును, పండు రాలవచ్చును. రాలిన పండును ఎవరేమి చేశారన్నది అసలు ప్రశ్న. విద్యార్థుల చిత్రాలు సాధారణంగా పండు రాలినచోటనే ఆగిపోతున్నవి.

ఈ ప్రశ్నకు సమాధానం వెదికేవారు తప్పక చూడవలసిన ఆంగ్ల చిత్రం ఒకటున్నది. 1945లో వెలువడిన ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’. మన సినిమాల కొలతలో అదీ చిన్న చిత్రమే. 86 నిమిషాలలో ముగుస్తుంది. నోయెల్ కవర్డ్ 1936లో ప్రదర్శించిన ‘స్టిల్ లైఫ్’ అనే ఏకాంకిక దీనికి మూలం. నాటిక అంతా ఒక రైల్వేస్టేషనులోని ఫలహారశాలలోనే జరుగుతుంది. దర్శకుడు డేవిడ్ లీన్ కథను ఆ గదిలోనుంచి వీధులలోకీ, పార్కులలోకీ, ఒక గృహస్థురాలి మనస్సులోకీ తీసుకొనివెళ్ళినాడు. స్టేషను దృశ్యాలను ఉత్తర ఇంగ్లండులోని కార్న్‌ఫర్త్‌లో 1945 ఫిబ్రవరిలో రాత్రివేళల చిత్రించారు. అప్పటికి యుద్ధం ముగియలేదు. లండను పరిసరాలలో రాత్రి దీపాలు వెలిగించటం అపాయకరం కాగా, దూరాన వున్న కార్న్‌ఫర్త్‌లో శత్రువిమానాలు వస్తున్నవన్న కబురు అందినా దీపాలార్పటానికి వ్యవధి వుంటుందని ఆ వూరిని ఎన్నుకొన్నారు. అయినా కథలో యుద్ధం జాడ లేదు. తెరమీద వున్నవి పొగ, రైళ్ళ దీపాలు, తేనీరు, ఒక పెద్ద గడియారం, ఇద్దరు మనుష్యులు.

కథ చెప్పటానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. లారా జెస్సన్ మధ్యతరగతి ఇల్లాలు. భర్త ఫ్రెడ్, ఇద్దరు బిడ్డలు. ప్రతి గురువారమూ రైలెక్కి మిల్‌ఫర్డ్ అనే పట్నానికి వచ్చి సామానులు కొనుక్కొని, అద్దె గ్రంథాలయంలో పుస్తకం మార్చుకొని, వీలైతే సినిమా చూచి సాయంత్రపు బండికి ఇల్లు చేరుకొంటుంది. ఒకనాడు ప్లాట్‌ఫారం మీద నిలబడివుండగా వేగంగా సాగిపోతున్న ఎక్స్‌ప్రెస్సునుంచి బొగ్గు నలుసు వచ్చి ఆమె కంట్లో పడుతుంది. ఫలహారశాలలో వున్న అలెక్ హార్వే అనే డాక్టరు చేతిరుమాలు కొసతో ఆ నలుసును తీసివేస్తాడు. ఆమె కృతజ్ఞత చెపుతుంది. అతడు తన బండికి పోతాడు. అతడూ గృహస్థే, బిడ్డలు గలవాడే. గురువారాలలో ఆ వూరి ఆసుపత్రిలో పనిచేయటానికి వస్తుంటాడు. తరువాతి గురువారం వీధిలో తారసపడి రెండు మాటలు మాట్లాడుకొని ఎవరి దారిని వారు పోతారు. ఆపై గురువారం మధ్యాహ్నం హోటలు క్రిక్కిరిసివుండగా, చోటు దొరకక అతడు ఆమె కూర్చున్న బల్లవద్దనే కూర్చొంటాడు.

యాదృచ్ఛికత చేసిన పని ఇంతమాత్రమే. ఆ మధ్యాహ్నం కలిసి సినిమాకు వెళ్ళటం యాదృచ్ఛికం కాదు. వచ్చే గురువారం మళ్ళీ కలుద్దామని అతడు అడగటమూ, ఆమె ముందు కాదని పిమ్మట ఒప్పుకోవటమూ యాదృచ్ఛికాలు కావు. నలుసు తనంతట తాను పడింది. ఆ తరువాతి ప్రతి అడుగూ వారు వేసినదే. ఈ సంగతిని చిత్రం ఎక్కడా ఉపన్యసించదు, కాని ఒక్క క్షణం మరువనివ్వదు. అతని బండి 5.40కి, ఆమె బండి 5.43కి. రెండూ ఎదురెదురు దిక్కులకు పోయేవి. ఎంత గాఢమైన మాటయినా ఆ గంట మ్రోగేలోపల ముగించవలసిందే. ప్రేమికులకు వెన్నెలా కోకిలలూ సమకూర్చే కవులున్నారు. ఈ చిత్రకారులు సమకూర్చినది రైళ్ళ టైంటేబులు! దానివల్ల వచ్చిన బిగువు ఏ వర్ణనవల్లా వచ్చేది కాదు.

మొదటి సాయంత్రపు ఘట్టం మరీ గమనింపదగినది. లారా ఇంటికి వచ్చేసరికి కొడుకు కారు తగిలి పడుకొనివుంటాడు. దెబ్బ పెద్దది కాదు. ఆమె మాత్రం దానిని తన తప్పుకు శిక్షగా భావించి వణికిపోతుంది. ఆ రాత్రి భర్తతో, తాను ఒక అపరిచితునితో భోజనం చేశాననీ అతనితో సినిమాకు వెళ్ళాననీ ఉన్నది ఉన్నట్లు చెప్పివేస్తుంది. ఫ్రెడ్ పత్రికలోని గళ్ళనుడికట్టులో మునిగివున్నాడు. మంచిదే చేశావన్న ధోరణిలో ఏదో బదులు చెప్పి మళ్ళీ తన గళ్ళలోకి వెళ్ళిపోతాడు. సత్యం చెప్పబడింది, వినబడలేదు. అసత్యాలు ఆ తరువాత వస్తాయి. ఒక స్నేహితురాలికి టెలిఫోను చేసి, తాను ఆమెతో వున్నట్లు చెప్పవలసిందని లారా ప్రాధేయపడినప్పుడు, అబద్ధం ఎంత సులభంగా నోటికి వస్తున్నదో చూచుకొని ఆమెకే సిగ్గు కలుగుతుంది. ప్రేమ మహోన్నతమైనదని చెప్పే చిత్రాలు కోకొల్లలు. ఆ ప్రేమ ఎంతటి చిన్న చిన్న నీచత్వాలను చేయిస్తుందో ఇంత నిదానంగా చూపిన చిత్రాలు అరుదు.

ఒక సాయంత్రం అలెక్ తన మిత్రుని ఇంటికి రమ్మంటాడు. లారా నిరాకరించి బండి ఎక్కి, బండి కదలబోతుండగా దిగి అక్కడికి వెళుతుంది. ఇంతలో ఆ మిత్రుడు అనుకొన్న వేళకు ముందే వచ్చేస్తాడు. వెనుక మెట్లమీదుగా పారిపోయి, వానలో తడుస్తూ వీధులవెంట తిరిగి, యుద్ధవీరుల స్మారక స్తంభంవద్ద కూర్చున్న లారాను ఒక పోలీసువాడు అనుమానంగా పలుకరిస్తాడు. అలెక్ దక్షిణాఫ్రికాలోని జొహాన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగానికి వెళ్ళిపోవటానికి నిశ్చయిస్తాడు. ఇక మిగిలినది ఒక్క గురువారం.

ఆ చివరి గురువారమే ఈ చిత్రానికి ప్రారంభం కావటంలో దీని ప్రతిభ అంతా వున్నది. చిత్రం మొదలవగానే ప్రేక్షకునికి ఫలహారశాలలో ఒక మూల కూర్చున్న స్త్రీపురుషులు కనిపిస్తారు. వారెవరో తెలియదు. కథ వారిదేనన్న సంగతికూడా వెంటనే తెలియదు, ఎందుకంటే ముందుగా మాటలు వినిపించేది బల్లవెనుక తేనీరు పోస్తున్న మిర్టిల్ బాగట్, ఆమెతో సరసాలాడే టిక్కెట్ల ఉద్యోగి ఆల్బర్ట్ గాడ్బీల మధ్య. ఇంతలో డాలీ మెస్సిటర్ అనే వాచాలురాలు లారాను గుర్తుపట్టి, పిలవకుండానే వచ్చి కూర్చొని, ఆపకుండా మాట్లాడటం మొదలుపెడుతుంది. అతని బండి వస్తుంది. అతడు లేచి, లారా భుజం మీద ఒక్క క్షణం చేయి వుంచి, వెళ్ళిపోతాడు. చూచేవారికి ఇందులో విశేషమేమీ తోచదు. ఎవరో పరిచయస్థుడు సెలవు తీసుకొన్నాడనుకొంటారు.

అక్కడినుంచి కథ వెనుకకు నడిచి, గంట పైచిలుకు తరువాత మళ్ళీ అదే గదికి, అదే బల్లకు వస్తుంది. అదే డాలీ, అదే ధోరణి, భుజం మీద అదే చేయి. ఇప్పుడు ఆ చేయి బరువు ఎంతటిదో ప్రేక్షకునికి తెలుసు. అది జన్మలో చివరి స్పర్శ. చెప్పుకోవలసిన మాట ఒక్కటీ చెప్పుకోనివ్వకుండా ఆ వదరుబోతు నడుమ కూర్చున్నది. ఆమెలో మాత్రం దురుద్దేశం ఇసుమంత లేదు. నలుసు ఎంత యాదృచ్ఛికంగా పడిందో డాలీ కూడా అంత యాదృచ్ఛికంగానే వచ్చింది. కలిపిన విధియే వీడ్కోలును దోచుకొని పోయింది. తెలుగు కథకులలో యాదృచ్ఛికతను కలపటానికి వాడుకొన్నవారు చాలామంది. ఇచ్చిన చేతితోనే తీసుకొనేటట్లు దానిని నడిపినవారు అంతమంది లేరు. ఉపాధ్యాయులు ఒక పాఠాన్ని రెండవసారి ఎందుకు చదవమంటారో పిల్లలకు బోధపరచటానికి ఈ ఒక్క ఘట్టం చాలును. దృశ్యం మారలేదు, చూచేవాడు మారినాడు.

డాలీ ఇంకా మాట్లాడుతూనే వుండగా లారా దిగ్గున లేచి ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తుతుంది. ఆ నిమిషంలో కెమెరా పక్కకు ఒరిగిపోతుంది, లోకమే ఒరిగినట్లుంటుంది. ఎక్స్‌ప్రెస్సు దూసుకొనిపోతుంటే పెట్టెల దీపాలు ఆమె ముఖం మీద వరుసగా మెరిసి ఆరుతాయి. ఆమె అంచువద్ద ఆగిపోతుంది. ధైర్యం లేక ఆగానని తన మనస్సులో ఒప్పుకొంటుందే గాని, భర్తనూ బిడ్డలనూ తలచుకొని ఆగానని గొప్ప చెప్పుకోదు. సీలియా జాన్సన్ ముఖం ఈ ఘట్టంలో చేసిన పనికి పుటలకొలది సంభాషణ సాటిరాదు. అలెక్ పాత్రధారి ట్రెవర్ హోవర్డ్‌కు అది దాదాపు తొలి దశ; ఆ మొగమాటం పాత్రకు బాగా అతికింది.

ఇక నీతి దృష్టితో అభ్యంతరం. శృంగారాన్ని సంభోగమనీ విప్రలంభమనీ విభజించిన మన ఆలంకారికులే, పరస్త్రీ పరపురుషుల అనురాగాన్ని అనుచితమని రసాభాసలో చేర్చారు. భర్తా బిడ్డలూ గల స్త్రీ అన్యునిపై మనస్సు పడిన కథను కుర్రవాళ్ళ ముందు పెట్టటం తగునా అని అడిగే ఉపాధ్యాయుడు ఛాందసుడు కాడు. అతనివెనుక పెద్ద శాస్త్రమే వున్నది. కాని ఆ ఉపాధ్యాయుడే ‘మనుచరిత్ర’ను తరతరాలుగా తరగతిలో చెపుతున్నాడు గదా! అరుణాస్పదపురంలోని నిత్యాగ్నిహోత్రి దారి తప్పి, కొండమీద ఒక అప్సరసను దారి అడిగిన కథ అది. ప్రవరుడు వరూధినిని త్రోసివేసి, అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరుకొంటాడు. అతనికి నిగ్రహం వున్నది, సంఘర్షణ మాత్రం లేదు. సంఘర్షణ అంతా వరూధినిది. అందుకే పెద్దన ఆమె విరహానికి అంత చోటిచ్చాడు. చదువరుల మనస్సులో ప్రవరుని నిష్ఠకంటె ఆమె వేదన ఎక్కువకాలం నిలుస్తుంది. ఆ కావ్యం చదివి చెడిపోయిన విద్యార్థిని ఎవరూ చూపలేదు.

లారా కథలో ప్రవరుని నిగ్రహమూ వరూధిని వేదనా ఒక్క గుండెలోనే వున్నవి. ఇంటికి చేర్చటానికి ఆమెకు అగ్నిదేవుడు లేడు, 5.43 బండి వున్నది. ఆ బండి ఎక్కవలసినది ఆమె కాళ్ళతోనే. ఆమె ఎక్కటం సుఖాంతమనీ చిత్రం అనదు, దుఃఖాంతమనీ అనదు. కుటుంబధర్మం గెలిచిందని చప్పట్లు కొట్టేవారు ప్లాట్‌ఫారం అంచున నిలబడిన ఆ ముఖాన్ని మరచిపోతున్నారు. ప్రేమ ఓడిపోయిందని కన్నీరు కార్చేవారు ఫ్రెడ్‌ను మరచిపోతున్నారు.

ఫ్రెడ్‌ను మరువరాదు. ఇటువంటి కథ వ్రాసేవానికి అందుబాటులో వుండే సులభోపాయం, భర్తను క్రూరునిగానో త్రాగుబోతుగానో చిత్రించటం. అప్పుడు భార్య తప్పు తప్పు కాకుండా పోతుంది. కథకూడా కథ కాకుండా పోతుంది. ఈ భర్త మంచివాడు, నెమ్మదిపరుడు. లోపమల్లా చూడవలసినప్పుడు చూడకపోవటం. ఒకనాటి రాత్రి కీట్సు కవితా పాదంలో లోపించిన ఒక మాట ఏమిటని అతడు భార్యను అడుగుతాడు. ఆమె ‘రొమాన్స్’ అని చెపుతుంది. ఆ మాట గళ్ళలో సరిపోయింది, పక్కన వున్న ‘బెలూచిస్తాన్’తో కూడా కుదిరిందని అతడు సంతోషిస్తాడు. ఈ హాస్యానికి నవ్వు వచ్చి గొంతులోనే ఆగిపోతుంది. లారా చెప్పే కథ అంతా ఆ కుర్చీలోని భర్తను ఉద్దేశించి, మనస్సులోనే చేసుకొన్న స్వగతం. ఒక్క అక్షరం పైకి రాదు. చిట్టచివర ఫ్రెడ్ లేచి వచ్చి, ఆమె ఎక్కడికో చాలా దూరం వెళ్ళిందనీ, తిరిగివచ్చినందుకు కృతజ్ఞుడననీ అర్థం వచ్చే మాట ఒకటి అంటాడు. అతనికి ఎంత తెలిసి అన్నాడన్నది చిత్రం చెప్పదు. ఆ ప్రశ్నను తరగతిలో వేస్తే గంట చాలదు.

చిత్రం నిర్దుష్టమని కాదు. రఖ్మానినోవ్ రెండవ పియానో కంచెర్టో అవసరమైనదానికంటె హెచ్చుగానే మ్రోగుతుంది. మౌనంగా వున్నా పలికే ముఖానికి అంత వాద్యం దేనికి? మరొక లోపం అంతకంటె పెద్దది. మిర్టిల్, ఆల్బర్ట్ కూడా ప్రేమికులే. నడివయస్సులో, పని చేసుకొంటూ, ఎవరికీ దాచకుండా దగ్గరవుతున్నవారు. కాని వారు కూలిచేసి బ్రతికేవారు గనుక వారి ప్రేమ నవ్వులకు, డాక్టరుదీ మధ్యతరగతి ఇల్లాలిదీ కన్నీళ్ళకు పనికివచ్చింది. సంస్కృత నాటకాలలో విదూషకుని కేటాయించిన చోటే వారికీ దక్కింది. ఇంగ్లండుకు మాత్రమే చెందిన జాడ్యం కాదిది.

ఈ చిత్రానికి 1946లో కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమానం లభించింది. ఆ యేట ఆ గౌరవాన్ని పదకొండు చిత్రాలు పంచుకొన్నవి. వాటిలో ఒకటి మన దేశపు చేతన్ ఆనంద్ తీసిన ‘నీచా నగర్’. పేదల మురికివాడ గోడు చెప్పిన చిత్రమూ, ఒక గృహస్థురాలి మూగబాధ చెప్పిన చిత్రమూ ఒకే పంక్తిలో కూర్చున్నవి. మరొక ముచ్చట. అలెక్‌కు ఇల్లు వాడుకోనిచ్చిన మిత్రుడు తెరమీద కనిపించేది కొద్ది నిమిషాలు. ఇతరుల ప్రేమకు తన ఇల్లు ఇచ్చి, వారు వెళ్ళిన తరువాత ఆ చల్లని గదికి తిరిగివచ్చేవాడి బ్రతుకు ఎటువంటిదన్న ఆలోచన బిల్లీ వైల్డర్ అనే దర్శకుణ్ణి ఏళ్ళతరబడి వెంటాడింది. అందులోనుంచి పుట్టినదే 1960 నాటి ‘ది అపార్ట్‌మెంట్’. కథలు దొరకటం లేదనే విద్యార్థులు ప్రక్కపాత్రలవంక ఒకసారి చూడవచ్చును.

కార్న్‌ఫర్త్ కథకూడా కొంత వింతగా సాగింది. చిత్రంలోని ఫలహారశాల ఆ స్టేషనులోనిది కాదు. డెన్‌హాం స్టూడియోలో వేసిన సెట్టు. ప్రేక్షకులు మాత్రం ఆ గదిని వెదుక్కొంటూ కార్న్‌ఫర్త్‌కు రావటం మానలేదు. ఎన్నడూ అక్కడ లేని గదికోసం వచ్చినవారిని నిరాశపరచటం ఎందుకని కాబోలు, 2003లో స్టేషనును పునరుద్ధరించి స్మారక కేంద్రాన్ని తెరచినప్పుడు, సినిమాలోని గదిని చూచి అటువంటి ఫలహారశాలనే అక్కడ కట్టారు. ఎదుట ప్లాట్‌ఫారం మీద ఆ పెద్ద గడియారం వున్నది. దానిక్రింద నిలబడి ఫోటోలు దిగేవారిలో ప్రేమికులూ వుంటారు, వారివారి బళ్ళ వేళ చూచుకొంటూ.